సైరన్ వెంటనే మోగింది

ఆ కాగితంలో ఒక్క అబద్ధం కూడా లేదు. గొప్పకు చెప్పడం లేదు ఈ మాట. అబద్ధాలు రాసి ఉంటే ఈపాటికి నన్ను నేను తిట్టుకుని, చెంపలేసుకుని, ఎక్కడో ఒకచోట సమాధానపడి ఉండేవాణ్ణి. నిజాలే రాసినందుకు నాకు ఆ దారి కూడా లేకుండా పోయింది.

డెబ్బయ్యవ దశకం చివర్లో గోదావరి జిల్లా నుంచి విశాఖపట్నం వచ్చాను. ఉక్కు ఫ్యాక్టరీ వస్తోంది, వెళ్ళు, చేరిపో అని మావాళ్ళందరిదీ ఒకటే పోరు. వచ్చి చూస్తే ఫ్యాక్టరీ ఉండాల్సిన చోట తుప్పలున్నాయి. తిరిగి వెళ్దామంటే పరువు తక్కువ. డిగ్రీ ఉంది, ఇంగ్లీషు టైపు వచ్చు, తెలుగు దస్తూరీ బాగుంటుంది. ఆ మూడూ చూసి, చేపలరేవు దగ్గర రొయ్యలు ఎగుమతి చేసే ఒక ప్రైవేటు కంపెనీ నన్ను తీసుకుంది. కొన్నాళ్ళు పని చూసి పర్మనెంటు చేస్తామన్నారు.

ఆ కంపెనీలో పబ్లిక్ రిలేషన్స్ శాఖ అంటే ఒక బల్ల, ఒక టైపు మిషను, నేను. నా పైన మేనేజరుగారు. బొంబాయిలో ఏదో ప్రకటనల ఆఫీసులో పనిచేసి వచ్చిన మనిషి. రొయ్యల కంపు కొట్టే ఆ ఆవరణలో ఆయన తెల్లచొక్కా సాయంత్రం దాకా నలిగేది కాదు. అది ఎలా సాధ్యమో నాకు చివరిదాకా అర్థం కాలేదు.

బోట్ల నుంచి దిగిన రొయ్యల తలలు తీసి, పొట్టు వలిచి, గడ్డకట్టించి, పెట్టెలకెత్తి ఓడ ఎక్కించడం మా కంపెనీ పని. గడ్డకట్టించాలంటే చలి కావాలి, చలికి అమ్మోనియా గ్యాసు కావాలి. కంప్రెసర్ రూములో పుట్టి, రొయ్యలు వలిచే షెడ్డు గోడ వెంబడి గొట్టాల్లో తిరిగేది అది. గొట్టాల్లో ఉన్నంతసేపూ బుద్ధిగానే ఉంటుంది. బయటికొస్తే ముందు కళ్ళను పట్టుకుంటుంది, తర్వాత ఊపిరిని.

కంపెనీ గోడకు కూతవేటు దూరంలో, జాలరిపేటలో వీధివైపు పెంకుటి గది అద్దెకు తీసుకున్నాను. ఇంటావిడకు నలభై అయిదేళ్ళుంటాయి. భర్త మరబోటు మీద వేటకు వెళ్తే నాలుగైదు రోజులకు గానీ ఒడ్డు చేరడు. ఆవిడ మా కంపెనీలోనే రొయ్యలు వలిచేది. మొదటిరోజు నేను అక్కా అని పిలిస్తే, "అక్కా అంటే మీ ఊరోల్లనాగ ఉంటాది. అప్పా అను" అంది. అప్పటి నుంచి అప్పే.

ఆ వలిచే పని ఎలా దొరికేదో చెప్పాలి. రేవు నుంచి రొయ్యల బండి గేటు దగ్గరికి రాగానే వాచ్‌మన్ కంప్రెసర్ రూముకు ఫోను చేసేవాడు. అక్కడి ఆపరేటరు సైరన్ నొక్కేవాడు. వాచ్‌మన్ గేటు బార్లా తీసేవాడు. ఆ కూత వినగానే పేటలోని ఆడవాళ్ళు చేతిలో పని చేతిలోనే వదిలేసి, అల్యూమినియం బేసిన్లు చంకన పెట్టుకుని పరుగు. ముందొచ్చిన నలభై మందికి ఇత్తడి టోకెన్లు. నలభై ఒకటో మనిషి ఇంటికి వెళ్ళిపోవాలి. బండి పొద్దున రావచ్చు, మధ్యాహ్నం రావచ్చు, ఒక రోజు అసలు రాకపోవచ్చు. అందుకని పేట మొత్తం చెవులు ఆ కూత మీద వేసుకుని బతికేది.

అప్పకు ఒకటో నంబరు టోకెను కాక వేరే నంబరు వచ్చిన రోజు నేను చూడలేదు. బేసిను గుమ్మం పక్కనే బోర్లించి ఉండేది. కూత మొదలవగానే చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపుకునేది, కూత ఆగేలోపు గేటు దగ్గర ఉండేది. "పరుగులో నన్ను దాటినోల్లు ఈ పేటలో నేరు బాబూ" అని నవ్వేది. నేను ఆఫీసుకు ఆలస్యమైన రోజుల్లో, "నీకూ ఓ టోకెనెట్టాల, అప్పుడు లెగుత్తావు" అని వెక్కిరించేది.

ఒకరోజు మేనేజరుగారు పిలిచి, జపాను నుంచి కొనుగోలుదార్లు వస్తున్నారు, వాళ్ళకీ పేపర్లవాళ్ళకీ ఇవ్వడానికి కంపెనీ ఫ్యాక్ట్ షీట్ తయారుచెయ్యి అన్నారు. నేను ఆ మాట వినడం అదే మొదలు. మన గురించి నాలుగు మంచి ముక్కలు రాయాలి కాబోలనుకుని, "ఆసియా ఖండంలోనే పేరెన్నికగన్న" అని మొదలుపెట్టి రెండు పేజీలు దంచేశాను.

ఆయన ఎర్ర పెన్సిలు తీశారు. "పేరెన్నికగన్నదని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదండి."

"అయితే కొట్టెయ్. రెండో పేజీ కూడా తీసెయ్. విలేకరి భీమిలి బస్సులో నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఇంకో చేత్తో చదవగలగాలి. పేజీ తిప్పడానికి వాడికి మూడో చెయ్యి లేదు."

అలా నేర్పారు. కంపెనీ ఏం చేస్తుంది, ఎక్కడుంది, ఎప్పటి నుంచి ఉంది, ఎంతమంది పనిచేస్తారు, సరుకు ఎక్కడికి వెళ్తుంది. ఒక్కో దానికి ఒక్కో చిన్న వాక్యం. విశేషణాలు వద్దు. అడుగున తేదీ ఉండాలి, తేదీ లేని వాస్తవం పాచిపోయిన రొయ్యతో సమానం. అన్నిటికంటే చివర, ఏదైనా జరిగితే ఏం చేస్తారు అన్న దానికి జవాబు. "అందరి మనసులోనూ ఉండే ప్రశ్న అదే. మనం ముందే చెప్పేస్తే ఇంక అడగరు" అన్నారు.

ఇంకొక్కటి చెప్పారు. ప్రతి వాస్తవానికీ ఒక యజమాని ఉంటాడట. చిత్తుప్రతిలో ప్రతి వాక్యం పక్కనా మార్జిన్‌లో ఆ యజమాని చేత సంతకం పెట్టించాలి. సంతకం పెట్టేవాడు లేని వాక్యం కాగితం మీద ఉండకూడదు. రేపు తేడా వస్తే ఎవరిని అడగాలో తెలియాలి కదా.

నిజం చెప్పొద్దూ, నాకా పని పిచ్చిగా నచ్చింది. ఫైలు చంకన పెట్టుకుని ఆవరణంతా తిరిగాను. కోల్డు రూములో ఎంత సరుకు పడుతుందో స్టోర్స్ గుమాస్తా ఒకటి చెప్పాడు, ఇంజనీరు ఇంకోటి చెప్పాడు. ఇద్దర్నీ ఒకచోట నిలబెట్టి, ఒక్కమాట మీదికి వచ్చేదాకా కదలనివ్వలేదు. ఇద్దరూ నన్ను తిట్టుకున్నారు. తిట్టుకోనీ అనుకున్నాను. నేను నిజాన్ని పట్టుకుంటున్నానన్న పొగరు తలకెక్కింది.

చివరి వాక్యం కోసం కంప్రెసర్ రూముకు వెళ్ళాను. అక్కడి ఆపరేటరు కంచరపాలెం మనిషి. వయసులో నాకంటే పెద్దవాడే, అయినా బావా అనేవాడు.

"గ్యాసు లీకైతే ఏం చేస్తారు?" అన్నాను.

"ముందు సైరనేత్తాం బావా. తరవాత వాల్వులు కట్టీడమే."

"సైరన్ బాగా పనిచేస్తుందా?"

"ఏటలాగడుగుతావు? రోజూ ఇంతన్నావు గదా."

రోజూ వింటున్నావు గదా అన్న మాట దగ్గర నా బుర్ర ఆగి ఉండాల్సింది. ఆగలేదు. అక్కడే బల్లమీద రాశాను: "గ్యాసు లీకు వంటి ప్రమాదం సంభవిస్తే వెంటనే సైరన్ మోగించి చుట్టుపక్కల ప్రజలను హెచ్చరించే ఏర్పాటు ఉంది." ఆపరేటరు చదివి, నూనె చేతిని గుడ్డకు తుడుచుకుని సంతకం పెట్టాడు. వాక్యం నడక బాగా కుదిరిందని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

కంచరపాలెంలో ఒక చిన్న ప్రెస్సులో, మంచి నున్నటి కాగితం మీద, ఇంగ్లీషులో ఒకటి, తెలుగులో ఒకటి అచ్చువేయించాం. జపాను వాళ్ళు చదివి తలలూపారు. మేనేజరుగారు చెప్పినట్టే, ఏదైనా జరిగితే ఏమిటని ఒక్కరూ అడగలేదు. ఇక్కడి పేపరు ఒకటి మా కాగితాన్ని దాదాపు ఉన్నదున్నట్టు వేసేసింది. మేనేజరుగారు నా భుజం తట్టారు. ఆరోజు నేను నేలమీద నడవలేదు.

సాయంత్రం ఇంటికొస్తే అప్ప గుమ్మంలో కూర్చుని చేపలు కోస్తోంది. నా చేతిలో కాగితం చూసి, "మా కంపినీ గురించి ఏటి రాసినావు? సదువు" అంది. చదివాను. వింటూ వింటూ చివరి వాక్యం దగ్గర కత్తి ఆపింది.

"గేసు వొదిలిపోతే కూత కూత్తాదా?"

"ఆఁ. అదే కూస్తుంది."

"మరి మావేటి సెయ్యాల?"

"గాలికి అడ్డంగా, దూరంగా వెళ్ళిపోవాలప్పా."

"కూత కూత్తే మావెల్లేది గేటుకే గదా బాబూ" అని, ఏదో తమాషా మాట అన్నట్టు నవ్వి, మళ్ళీ చేప అందుకుంది.

నాకు నవ్వు రాలేదు. సైరన్ ఎవరిదో వాళ్ళను అడిగాను, సంతకం కూడా పెట్టించుకున్నాను. దాన్ని వినేవాళ్ళను అడగలేదు. వాళ్ళలో ఒకరి ఇంట్లోనే ఉంటూ, వాళ్ళ పరుగు రోజూ చూస్తూ కూడా అడగలేదు. ఆ రాసిన చేతిని ఏం చెయ్యాలో తోచలేదు నాకు.

మర్నాడు పొద్దున్నే మేనేజరుగారి ఎదుట నిలబడ్డాను. "సైరన్ ఒక్కటే సార్. లోడుకూ అదే, లీకుకూ అదే. నిజంగా లీకైన రోజున మనమే వాళ్ళను గేటుకు పిలిచినట్టవుతుంది."

"రాసింది తప్పా?"

"తప్పు కాదండి."

"మళ్ళీ అచ్చువేసేటప్పుడు చూద్దాం. నోటు పెట్టు."

పెట్టాను. లోడు వచ్చినప్పుడు వేరే గంట కొట్టాలని, సైరన్ ప్రమాదానికి మాత్రమే ఉంచాలని, ఆ సంగతి పేటలో చదివి వినిపించాలని రాశాను. నోటు మీద "చూశాను" అని ఒక్క ముక్క రాసి పొడి సంతకంతో తిప్పి పంపారు. నెల ఆగి మళ్ళీ కదిపాను. ఆయన కళ్ళజోడు తీసి, "నీ పర్మనెంటు కాగితం కూడా నా బల్ల మీదే ఉందోయ్" అన్నారు. అది బెదిరింపో, ఆప్యాయతో ఈరోజుకీ నాకు తేలలేదు. నేను మాత్రం నోరుమూసుకున్నాను. అప్పుడు ఇంకొక్కసారి నోరు తెరిచి ఉంటే అన్న ఆలోచన నన్ను వదిలిపెట్టిన రోజు లేదు.

అప్పకైనా చెప్పుకుందామని, "బండి లేకుండా కూస్తే రాకప్పా" అన్నాను.

"బండొచ్చిందో నేదో ఇక్కడి నించి నాకేటి కనిపిత్తాది? ఆగి సూసుకుంటే నా టోకెను ఇంకోలట్టుకుపోతారు."

"నేను వచ్చి చెప్తాను. చెప్పేదాకా ఆగు."

"నువ్వొచ్చి సెప్పీలోపు మావు రొయ్యలొలిసీసి ఇంటికొచ్చీసుంటాం" అంది. పక్కింటివాళ్ళు కూడా నవ్వారు.

అప్పటి నుంచి సైరన్ కూసినప్పుడల్లా కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరకు వెళ్ళేవాణ్ణి. మా ఆఫీసు గది మేడమీద, గేటు బాగా కనపడేది. బండి కనపడితే కూర్చునేవాణ్ణి. ప్రతిసారీ బండి ఉండేది. అలా ఎన్నిసార్లు లేచానో. ఒకరోజు మెట్ల దగ్గర ఆపరేటరు కలిసి, "నాలుగో గొట్టం కాడ వాసన కొడతంది బావా. సెప్పినాను. సూత్తాం అన్నారు" అన్నాడు. ఆ చూస్తాం అన్న మాట నాకు బాగా తెలిసిన మాటే. ఆ తర్వాత నా పర్మనెంటు కాగితం చేతికొచ్చింది. పనీ పెరిగింది. సైరన్‌కు లేవడం ఎప్పుడు మానేశానో నాకే తెలియకుండా మానేశాను.

ఎండాకాలం, మధ్యాహ్నం. భోజనం చేసి వచ్చి టైపు కొడుతున్నాను. సైరన్ కూసింది. తల ఎత్తలేదు. ఒక లైను పూర్తిచేసి రెండో లైను మొదలుపెట్టేసరికి ముక్కులో సూదులు గుచ్చినట్టయింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను. గేటు దగ్గర బండి లేదు.

గేటు మాత్రం బార్లా తీసి ఉంది. కూత వినపడితే గేటు తీయడం వాచ్‌మన్‌కు అలవాటు, తీసేశాడు. పేట మలుపు తిరిగి బేసిన్లు పట్టుకుని ఆడవాళ్ళు వస్తున్నారు. అందరికంటే ముందు అప్ప.

గేటుకూ షెడ్డుకూ మధ్య నేలమీద తెల్లటి పొగ పరుచుకుని ఉంది. ఇంకెక్కడైనా అయితే ఆ తెలుపును చూసి మనిషి ఆగిపోతాడు. మా దగ్గర కోల్డు రూము తలుపు తీసినప్పుడల్లా అలాంటి తెల్లటి ఆవిరే కాళ్ళమీదికి వచ్చేది. ఆడవాళ్ళు రోజూ అందులోంచే నడిచి షెడ్డులోకి వెళ్ళేవారు. అప్ప ఆగలేదు. కిటికీ తెరిచి "రావద్దు" అని గొంతు చించుకున్నాను. సైరన్ కూస్తూనే ఉంది, నా మాట నాకే వినపడలేదు.

రుమాలు తడిపి ముక్కుకు కట్టుకుని మెట్లు దిగేసరికి అయిపోయింది. షెడ్డు గుమ్మంలో ఆవిడ పడిపోయి ఉంది. బేసిను దొర్లుకుంటూ గేటుదాకా వచ్చింది. దాన్ని చూసి వెనకవాళ్ళు ఆగిపోయారు. ఆపరేటరు తడిగోనె నెత్తిన కప్పుకుని, వాల్వు కట్టేసి వచ్చి, అప్పను రెండు చేతులమీదా ఎత్తుకుని బయటికి తెచ్చాడు. ఆవిడ ముందుండబట్టే మిగతావాళ్ళు బతికిపోయారని తర్వాత అందరూ అన్నారు. ఎవరైనా ఆ మాటంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పెద్దాసుపత్రిలో ప్రాణం నిలబెట్టారు. చూపు నిలబెట్టలేకపోయారు.

ఆ సాయంత్రం ఆసుపత్రి నుంచి నేను ఆఫీసుకు వచ్చేసరికి మేనేజరుగారు ఎదురుచూస్తున్నారు. "పేపర్లవాళ్ళు ఆరింటికి వస్తారు. జరిగినదాని మీద ఒక ఫ్యాక్ట్ షీట్ కావాలి. వాళ్ళు ఊహించి రాసేలోపు మనం ఇవ్వాలి" అన్నారు. చొక్కా అప్పుడు కూడా నలగలేదు. కూర్చుని రాశాను. చెయ్యి దానంతటదే రాసింది, అంత బాగా అలవాటు చేశారు. ఒక గొట్టం దగ్గర గ్యాసు లీకయింది. సైరన్ వెంటనే మోగింది. లీకును త్వరగా అరికట్టారు. కంపెనీ ఉద్యోగులెవరికీ గాయాలు కాలేదు. రేపటి నుంచి పని యథావిధిగా సాగుతుంది. ఆఖర్న ఒక వాక్యం చేర్చాను: పేటకు చెందిన ఒక మహిళ కళ్ళు దెబ్బతిన్నాయి.

ఆయన ఎర్ర పెన్సిలు ఆ వాక్యం మీద ఆగింది. "దీనికి యజమాని ఎవరు? ఆవిడ మన ఉద్యోగి కాదు. ఇవాళ టోకెను కూడా తీసుకోలేదు. ఏ శాఖ సంతకం పెడుతుంది?"

ఆయన నేర్పిందే ఆయన అడిగారు. కొట్టేశారు, నేను చూస్తూ నిలబడ్డాను. తర్వాత ఫైలు పట్టుకుని సంతకాలకు బయల్దేరాను. ఆపరేటరు రెండుసార్లు చదివాడు. "రాసినయ్యన్నీ నిజాలే బావా. కాయితం గట్టిగా అట్టుకో" అన్నాడు. పట్టుకున్నాను.

ఆ చిత్తుప్రతిని ఫైల్లో పెట్టబుద్ధి కాలేదు. నా సంచిలోనే ఉండిపోయింది. కొన్ని వారాలకు అప్ప ఇంటికొచ్చింది. కళ్ళకు కట్లు తీసేశారు. మొగుడు వేట మానేసి ఇంటిపట్టునే ఉన్నాడు. ఆవిడ మునుపటిలాగే గుమ్మంలో కూర్చునేది, పక్కన బేసిను బోర్లించి ఉండేది. మధ్యాహ్నం సైరన్ కూస్తే ఒంట్లో ఒక కదలిక వచ్చేది, చెయ్యి బొడ్డు దగ్గరికి వెళ్ళేది, మళ్ళీ ఆగిపోయేది. లోడుకు ఇంకా అదే సైరన్.

ఒక సాయంత్రం నా అడుగుల చప్పుడు విని, "ఆ దినం గురించి నువ్వే రాసినావంట గదా. ఏటి రాసినావో సదువు" అంది.

కాగితం లేదని అనొచ్చు. అనలేకపోయాను. సంచిలోంచి తీసి చదివాను. మోకాళ్ళమీద గడ్డం ఆనించి అంతా విన్నది.

"అయిపోయిందా?"

"అయిపోయిందప్పా."

"ఇందులో నా మాట నేదా?"

చివరికి ఉన్నదే చెప్పాను. ప్రతి మాటకూ పక్కన ఒకరు సంతకం పెట్టాలని, ఆవిడ గురించిన మాటకు పెట్టేవాళ్ళు లేకపోయారని.

కోప్పడితే బాగుండునని నేను కాచుకుని ఉన్నాను. "ఆ కూత మాట ఇంకోపాలి సదువు" అంది.

"సైరన్ వెంటనే మోగింది."

"దాని పక్కన ఎవలు సంతకమెట్టినారు?"

"ఆపరేటరు."

"ఆడు కూతేసినాడు. ముందిన్నది నాను గదా. నా యేలిముద్ర కూడా ఎయ్యించు."

గదిలోంచి స్టాంపుప్యాడు తెచ్చాను. రొయ్యల పొట్టు కోసిన గాట్లతో గరుకుగా ఉంది ఆవిడ బొటనవేలు. దాన్ని సిరాలో అద్ది, ఆ వాక్యం పక్కన మార్జిన్‌లోకి నడిపించి నొక్కాను. "పడిందా?" అని అడిగింది. పడిందని చెప్పాను.

మర్నాడు ప్రభుత్వ తనిఖీ అధికారి వస్తున్నారని మేనేజరుగారు ఆ చిత్తుప్రతి అడిగారు. ఆ వేలిముద్ర మీద కూడా ఆయన ఎర్ర పెన్సిలు పడుతుందనిపించి, పోయిందండీ అన్నాను. ఆ ఉద్యోగంలో నేను చెప్పిన అబద్ధం అదొక్కటే.